డబ్బాలోని ప్రాణవాయువు

నేడు మందుల దుకాణములలోను, ఆటసామగ్రి అమ్ముచోట్లను, లడఖ్ వంటి ఎత్తైన ప్రదేశములకు పోవు యాత్రికుల సంచులలోను తేలికయైన ఒక అల్యూమినియపు డబ్బా కనిపించుచున్నది. దోమల మందు డబ్బావలె పైన ఒక మీట, మూతికి ఆనించుకొనుటకు చిన్న దొప్ప. మీట నొక్కినచో బుస్సుమను చప్పుడుతో వాయువు వచ్చును. అది ప్రాణవాయువట, నూటికి 95 పాళ్లు శుద్ధమైనదట. దానిని పీల్చినవారికి అలసట తీరుననియు, బుద్ధి చురుకగుననియు, జాగరణపు బడలిక మాయమగుననియు ప్రకటనలు చెప్పుచున్నవి. ఇది నిజమా, దీనివలన హాని యేమైనను కలదా అని అడుగువారు పెక్కురు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీని వయస్సు రమారమి 250 సంవత్సరములు. ప్రాణవాయువును వేరుచేసి పీల్చి, ఆ అనుభవమును వ్రాసియుంచినవాడే దీనిని మొదట వేసెను. దీనికి సమాధానములో సగము మరి పదునైదేండ్లలోనే దొరకెను కూడ. అయినను ప్రశ్న చావలేదు. అది ఎందుకు చావలేదో తెలిసికొనుటకు చరిత్రను కొంచెము తిరుగవేయవలసి యున్నది.

ఇంగ్లాండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అను మతబోధకుడు 1774 ఆగస్టు 1వ తేదీన, విల్ట్‌షైర్‌లోని బవుడ్ హౌస్ అను భవనములో, పాదరసపు ఎర్రని భస్మముపై పెద్ద భూతద్దముతో సూర్యకిరణములను కేంద్రీకరించెను. దానినుండి వెలువడిన వాయువులో క్రొవ్వొత్తి అసాధారణమైన కాంతితో మండెను. మరుసటి సంవత్సరము మార్చి నెలలో అతడు ఒక చిట్టెలుకను ఆ వాయువు నింపిన పాత్రలో ఉంచెను. మామూలు గాలిలో అయినచో పావుగంట బ్రతుకవలసిన ఎలుక అరగంట గడచినను ప్రాణముతో నుండెను. అప్పుడు ప్రీస్ట్లీ తానే పీల్చి చూచెను. ఊపిరితిత్తులకు మామూలు గాలికిని దీనికిని భేదము తెలియలేదు గాని, కొంతసేపటివరకు రొమ్ము తేలికగా నున్నట్లు తనకు తోచెనని అతడు వ్రాసికొన్నాడు. ముందు ముందు ఇది విలాసవస్తువు కావచ్చుననియు, ప్రస్తుతమునకు దీనిని పీల్చిన భాగ్యము రెండు ఎలుకలకును తనకును మాత్రమే దక్కినదనియు చమత్కరించెను. కొన్ని రోగములలో ఇది మందుగా పనికివచ్చుననియు అతడు ఊహించెను. మరియొక మాట కూడ అనెను: ఈ వాయువులో క్రొవ్వొత్తి త్వరగా కరగిపోవునట్లే, ఆరోగ్యవంతుడు దీనిని ఎల్లప్పుడు పీల్చినచో వాని జీవితమును త్వరగా తరిగిపోవునేమో అని.

మందు, విలాసము, ప్రమాదము. ఈ వాయువు తరువాతి చరిత్ర యంతయు ఆ పెద్దమనిషి ఊహలోనే ఇమిడియున్నది. స్వీడన్ దేశపు ఔషధశాలలో కార్ల్ షీలే అతనికంటె ముందే ఈ వాయువును పట్టుకొన్నాడు గాని, ఆ సంగతి 1777లో గాని అచ్చుకాలేదు.

దీనికి పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశస్థుడు లవాజియే. ఆమ్లములన్నింటికిని ఇదియే మూలమని తలచి, గ్రీకు భాషలో ఆమ్లమును పుట్టించునది అను అర్థము వచ్చునట్లు ఆక్సిజన్ అని పిలిచెను. మన పాఠ్యపుస్తకములలో చాలకాలమున్న ఆమ్లజని అను మాట దానికి ముక్కకు ముక్క అనువాదము. ఆ అభిప్రాయము తప్పని హంఫ్రీ డేవీ 1810లో చూపెను. పేరు మాత్రము నిలిచినది. తెలుగువారు దానితోపాటు ప్రాణవాయువు అను మాటను వాడుకలోనికి తెచ్చుకొనిరి. ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానములని శాస్త్రములు చెప్పిన పంచవాయువులలోని మొదటి దాని పేరును ఒక రసాయన మూలకమునకు పెట్టుటవలన దానికి అక్కరలేని మహిమ కొంత అంటుకొన్నదని నా అభిప్రాయము. ఆమ్లజని డబ్బా అన్నచో ఎంతమంది కొందురు? ప్రాణవాయువు డబ్బా అన్నచో వద్దనువారెవరు?

లవాజియే పేరు పెట్టుటతో ఆగలేదు. సెగ్విన్ అను సహచరునితో కూడి జంతువుల శ్వాసను కొలిచి 1789లో ఫలితములను ప్రకటించెను. గినీపందులు మామూలు గాలిని పీల్చినను, కలితీలేని ప్రాణవాయువునే పీల్చినను, అవి వినియోగించుకొను పరిమాణము మారలేదు. మనుష్యునియందు, సెగ్వినే అందులకు పాత్రుడు, చలి తగిలినప్పుడును, భోజనము జీర్ణమగునప్పుడును, అన్నింటికంటె మిన్నగా శరీరశ్రమ చేయునప్పుడును వినియోగము పెరిగెను. అనగా దేహము తాను అడిగినంత తీసికొనును గాని మనము ఇచ్చినంత తీసికొనదు. ప్రీస్ట్లీ క్రొవ్వొత్తిని చూచి చేసిన ఊహ ఇచ్చట తప్పెను. క్రొవ్వొత్తికి గాలిని అందించినకొలది మంట పెరుగును; దేహమను పొయ్యికి మూత దాని చేతిలోనే యున్నది. డబ్బావలన శక్తి పెరుగునా అను ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సమాధానము తరువాత వచ్చినది తక్కువ. లవాజియేను 1794 మే 8వ తేదీన విప్లవ ప్రభుత్వము శిరచ్ఛేదము చేయించెను.

ఆ సంవత్సరముననే ఇంగ్లాండులో ఆవిరియంత్రపు జేమ్స్ వాట్‌కు కుమార్తె జెస్సీ క్షయవ్యాధితో మరణించెను. ఆమె వయస్సు పదునైదేండ్లు. థామస్ బెడోస్ అను వైద్యుడు వాయువులతో క్షయ కుదురునేమోనని ఆ కాలమున ప్రయత్నించుచుండెను. దుఃఖములో నున్న వాట్ ఆ కొలది వారములలోనే వాయువులను తయారుచేసి రోగికి అందించు పరికరమును గీయనారంభించెను. ఆ యిద్దరును కలిసి గ్రంథమును ప్రచురించిరి. 1799లో బెడోస్ బ్రిస్టల్ నగరమున వాయుచికిత్సాలయమును స్థాపించి, ఇరువది యేండ్ల హంఫ్రీ డేవీని ప్రయోగశాలకు అధికారిగా నియమించెను. ప్రాణవాయువువలన క్షయ కుదురలేదు. 1802 నాటికి ఆ సంస్థ సామాన్యపు ధర్మవైద్యశాలగా మారిపోయెను. బెడోస్‌ను మోసగానిగా జమకట్టుట న్యాయము కాదు. అతడు కుదరని రోగులను గూర్చియు దాచకుండ వ్రాసెను. తరువాతివారు ఆ పని చేయలేదు.

తరువాతివారనగా 1870 ప్రాంతము మొదలుకొని అమెరికాలో బయలుదేరినవారు. ఫిలడెల్ఫియాలో స్టార్కీ, పేలెన్ అనువారు సంయుక్త ప్రాణవాయువు అను పేర ఒక పీల్చుడు మందును తపాలా ద్వారా ఇంటింటికి పంపిరి. క్షయ మొదలుకొని నరముల నీరసము వరకు అన్నిటికిని అదియే మందు. 1890 తరువాత హెర్క్యులీస్ సాంచే అనునతడు మరియొక అడుగు వేసెను. అతని ఆక్సిడోనర్ అనునది మూతలు బిగించిన ఒక లోహపు గొట్టము. దానిని నీటిలో ఉంచి, దానికి కట్టిన తీగెను చీలమండకు తగిలించుకొన్నచో దేహము గాలిలోని ప్రాణవాయువును తనంతట తాను పీల్చుకొనునట. ఆ గొట్టములో ప్రాణవాయువైనను లేదు. నేటి డబ్బాలో ప్రాణవాయువు నిజముగనే యున్నదని ఒప్పుకొనవలసినదే.

ఇంతవరకు చెప్పినది ప్రాణవాయువు ఎక్కువైననేమగును అను విషయము. తక్కువైన నేమగును అను విషయమును కన్నులార చూపినది 1875 ఏప్రిల్ 15వ తేదీ. పారిస్ నగరములో పాల్ బెర్ అను శారీరశాస్త్రజ్ఞుడు ఒక లోహపు గదిలో గాలి ఒత్తిడిని తగ్గించుచు పెంచుచు ప్రయోగములు చేయుచుండెను. ఎత్తైన చోట మనుష్యుడు బాధపడుటకు కారణము ప్రాణవాయువు యొక్క ఒత్తిడి తగ్గుటయే అని అతడు కనుగొనెను. అతని గదిలో కూర్చుండి శిక్షణ పొందిన క్రోచే-స్పినెల్లి, సివెల్ అను సాహసికులు 1874లో బెలూనుపై 7,300 మీటర్ల ఎత్తునకు పోయి, సంచులలోని ప్రాణవాయువు పీల్చి, క్షేమముగా దిగిరి. మరుసటి యేట ఇంకను పైకి పోవలెనని గాస్టన్ టిసాండియేను కూడ చేర్చుకొని జెనిత్ అను బెలూనును సిద్ధపరచిరి. తీసికొనిపోవు ప్రాణవాయువు చాలదని పాల్ బెర్ ఊరిలో లేక వేరొకచోటినుండి జాబు వ్రాసెను. ఆ జాబు సమయమునకు అందలేదు.

ఉన్నది కొంచెమే గనుక నిజముగా అవసరమైనప్పుడే పీల్చవలెనని వారు నిశ్చయించుకొన్నారు. వినుటకు ఎంతో వివేకముగా నున్న మాట. ఇందులోని లోపము ఎనిమిదివేల మీటర్ల ఎత్తున గాని తెలియలేదు. ప్రాణవాయువు తగ్గినప్పుడు మనుష్యునికి ఊపిరాడనట్లు తోచదు. పైపెచ్చు ఒక విధమైన ఆనందము కలుగును, భయము పోవును. తనకు అవసరమున్నదని తెలిసికొనవలసిన మెదడే మొదట మొద్దుబారును. టిసాండియే తరువాత చెప్పిన వృత్తాంతములో, గొట్టము నోటికి అందించుకొనవలెనని తలచినను చేయి పైకి లేవలేదనియు, అయినను తనకు ఏ విచారమును కలుగలేదనియు ఉన్నది. అతడు స్పృహ తప్పెను. మెలకువ వచ్చి చూచునప్పటికి సహచరులిద్దరును మరణించియుండిరి. సంచులలో వాయువు మిగిలియే యుండెను. బెలూను సుమారు 8,600 మీటర్లు ఎక్కినట్లు పరికరములు చూపెను. టిసాండియే బ్రతికెను గాని అతని వినికిడి చెడిపోయెను.

డబ్బా విషయమున ఈ కథ చెప్పుటకు కారణము కలదు. ఈ వాయువు చాలినదా చాలలేదా అనుటకు మన మనస్సునకు తోచు హాయి సాక్ష్యము కాదు. చాలనప్పుడు హాయిగా నుండవచ్చును. జెనిత్ అందుకు నిదర్శనము. చాలినంత యున్నప్పుడు మరికొంత పీల్చి హాయి యనుకొనవచ్చును. ప్రీస్ట్లీ రొమ్ము తేలికయగుట బహుశః అట్టిదే. 2020లో కోవిడ్ వ్యాధి వచ్చినప్పుడు, నెత్తురులో ప్రాణవాయువు ప్రమాదకరముగా పడిపోయినను మంచముపై కూర్చుండి మాటలాడుచున్న రోగులను చూచి వైద్యులు ఆశ్చర్యపడిరి. వ్రేలికి తగిలించు చిన్న పరికరము లేనిచో వారి స్థితి తెలియకపోయెడిది. జపాన్ దేశమున టకువో అవోయగి 1974లో కల్పించిన పద్ధతియే ఆ పరికరమునకు ఆధారము.

ఇక లెక్కకు వత్తము. గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు. ఆరోగ్యవంతుని నెత్తురు 100 మిల్లీలీటర్లలో హీమోగ్లోబిన్ ఇంచుమించు 15 గ్రాములుండును. ఒక్కొక్క గ్రాము 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయగలదు. మామూలు గాలి పీల్చుచున్నప్పుడే ఈ బండ్లు నూటికి 97 లేక 98 పాళ్లు నిండియుండును. నిండిన బండిలో ఇంకేమి వేయగలము? నెత్తురులోని నీటిలో కరగు భాగము 0.3 మిల్లీలీటర్లు మాత్రమే. ముఖమునకు బిగువైన తొడుగు పెట్టి శుద్ధ ప్రాణవాయువునే పీల్చినచో అది సుమారు 2 మిల్లీలీటర్లకు పెరుగును. మొత్తముమీద లాభము పదింట ఒక వంతు, అదియు పీల్చుచున్నంత సేపే. తొడుగు తీసిన ఒకటి రెండు నిమిషములలో ఆ లాభము పోవును. దేహమునకు కొవ్వును దాచుకొనుట తెలియును గాని ప్రాణవాయువును దాచుకొనుట తెలియదు.

డబ్బాలో అంతయైనను లేదు. పెద్ద డబ్బాలో 10 లీటర్ల వాయువుండుననియు, క్షణమునకొక పర్యాయము చొప్పున 200 మార్లు పీల్చవచ్చుననియు అమ్మువారే చెప్పుదురు. అనగా మారునకు 50 మిల్లీలీటర్లు. మనము తీయు ఒక్క ఊపిరి సుమారు 500 మిల్లీలీటర్లు. ఇందులో 50 డబ్బానుండి, 450 గాలినుండి వచ్చినదనుకొందము. బొట్టు చిందకుండ లోపలికి పోయినదనియు అనుకొందము. ఆ యొక్క ఊపిరిలో ప్రాణవాయువు 21 పాళ్లకు బదులు 28 పాళ్లగును. తరువాతి ఊపిరి మరల మామూలే. విశ్రాంతిగా కూర్చున్న మనుష్యునికి నిమిషమునకు 250 మిల్లీలీటర్లు, దినమునకు 360 లీటర్లు ప్రాణవాయువు ఖర్చగును. వందలకొలది రూపాయలు పెట్టి కొన్న డబ్బా అంతయు నలుబది నిమిషముల ఖర్చు. దానిని కిటికీ ప్రక్కన కూర్చున్నవాడు డబ్బు లేకుండ పొందుచున్నాడు.

అయినచో ఆటగాండ్రు ఎందుకు పీల్చుచున్నారని అడుగవచ్చును. ఇంగ్లాండులో లెనార్డ్ హిల్, ఫ్లాక్ అను శాస్త్రజ్ఞులు 1910లోనే కండరముల శ్రమపై ఈ వాయువు ప్రభావమును గూర్చి వ్రాసిరి. మైలు దూరమును 4 నిమిషములలోపున మొదట పరుగెత్తిన రోజర్ బానిస్టర్ వైద్యవిద్యార్థి. ఆ 1954లోనే అతడు కనింగ్‌హామ్‌తో కలిసి ప్రచురించిన పరిశోధనలో, పరుగెత్తుచున్నంత సేపును 66 పాళ్ల ప్రాణవాయువు పీల్చినవారు మామూలు గాలిలోకంటె చాల ఎక్కువసేపు పరుగెత్తగలిగిరని తేలెను. ఇది నిజము. కాని ఇందులో 'పరుగెత్తుచున్నంత సేపు' అను మాటను ప్రకటనలు మ్రింగివేయుచున్నవి. డబ్బా నోట పెట్టుకొని బంతి ఆడువాడు లేడు. ఆట నడుమ విశ్రాంతిలో పీల్చిననేమగును అను విషయమును 1989లో అమెరికన్ వైద్యసంఘ పత్రికలో వచ్చిన పరీక్ష తేల్చెను. 12 మంది వృత్తి ఫుట్‌బాల్ ఆటగాండ్రకు శ్రమకు శ్రమకు నడుమ ఒకమారు శుద్ధ ప్రాణవాయువు, ఒకమారు మామూలు గాలి, ఏది యేదో చెప్పకుండ ఇచ్చిరి. తరువాతి పరుగులో భేదము లేదు, నెత్తురులోని లాక్టేటులోను భేదము లేదు. తాము పీల్చినది ఏదో వారు గుర్తింపనైనను లేకపోయిరి.

లోటు ఉన్నచోట కథ వేరు. ఎవరెస్టు శిఖరముపై గాలి ఒత్తిడి సముద్రమట్టములోని దానిలో మూడవ వంతు. 1922లో జార్జి ఫించ్, జెఫ్రీ బ్రూస్ వీపున సిలిండర్లు మోసికొని సుమారు 8,300 మీటర్ల వరకు ఎక్కి, అంతకుముందు ఏ మనుష్యుడును కొండపై చేరని ఎత్తు చేరిరి. యంత్రపు గాలితో ఎక్కుట మగతనము కాదని ఆ దినములలో ఆక్షేపించినవారును ఉండిరి. 1953 మే 29న టెన్సింగ్, హిల్లరీ శిఖరము చేరినదియు ప్రాణవాయువుతోనే. అది గంటల తరబడి నిరాఘాటముగా పారిన వాయువు. లేహ్ నగరము సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట విమానము దిగిన యాత్రికునికి లోటు కలుగుట నిజమే. నిమిషమునకు 2 లీటర్ల చొప్పున ఇచ్చిననే గాని ఫలితము కనబడని చోట పది లీటర్ల డబ్బా అయిదు నిమిషములకు వచ్చును. తలనొప్పి, వాంతి, నడకలో తూలుట కనబడినప్పుడు దిగిరావలెను. ఆ సమయమున డబ్బా పీల్చి, కొంచెము నయమైనదని భ్రమించి ఇంకను పైకి పోవుటయే డబ్బావలన కలుగు అన్నింటికంటె పెద్ద అపాయమని నేననుకొందును.

హాని విషయము మరికొంత చెప్పవలసి యున్నది. ఆరోగ్యవంతుడు పది క్షణములు డబ్బా పీల్చినందువలన వచ్చు కీడు ఏమియు లేదు. కాని ప్రాణవాయువు ఎంత యిచ్చినను మేలేగాని కీడులేదు అను నమ్మకము ఇరువదవ శతాబ్దములో వేలాది శిశువుల కన్నులను తీసికొన్నది. 1942లో బోస్టన్ నగరమున టెర్రీ అను నేత్రవైద్యుడు నెలలు నిండక పుట్టిన బిడ్డలలో ఒక క్రొత్త అంధత్వమును వర్ణించెను. కంటివెనుకటి పొరలో రక్తనాళములు అడవివలె పెరిగి, మచ్చకట్టి, చూపును మూసివేయుచుండెను. విచిత్రమేమనగా ఈ రోగము ధనికదేశముల మంచి ఆసుపత్రులలోనే హెచ్చుగా నుండెను. పదేండ్లలో సుమారు పదివేలమంది శిశువులు గ్రుడ్డివారైరి. కాంతిని, విటమినులను, పాలను, అన్నింటిని అనుమానించిరి. బిడ్డ నీలివన్నె పోగొట్టి గులాబివన్నె తెచ్చుచున్న ప్రాణవాయువును ఎవ్వరు అనుమానింతురు? 1951లో మెల్బోర్న్ నగరమున కేట్ కాంబెల్ అను వైద్యురాలు ఈ వాయువును ధారాళముగా నిచ్చిన చోట రోగము హెచ్చనియు, మితముగా నిచ్చిన చోట తక్కువనియు చూపెను.

వాషింగ్టన్ నగరములో ఆర్నాల్ పాట్జ్ అను యువవైద్యుడు పరీక్ష చేయబూనినప్పుడు, తక్కువ వాయువు ఇయ్యవలసిన బిడ్డలను చూచి కడుపు తరుగుకొనిపోయి కొందరు నర్సులు రాత్రివేళ మీటను పెంచుచుండిరట. వారు చెడ్డవారు కారు. 1953లో అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి చేసిన పరీక్ష ఫలితము మరుసటి సంవత్సరము వెలువడుటతో సందేహము తీరెను. వెంటనే మరియొక చివరకు పోయిరి. అందరు బిడ్డలకును 40 పాళ్లకు మించనీయరాదని కట్టడి చేసిరి. అంధత్వము తగ్గెను, ఊపిరితిత్తుల జబ్బుతో చచ్చు బిడ్డల సంఖ్య పెరిగెను. ఏ బిడ్డకు ఎంత అనునది నెత్తురును కొలిచి నిర్ణయించు సాధనములు వచ్చువరకు ఈ ఊగిసలాట తీరలేదు.

పెద్దవారికిని ఇట్టి పాఠములు కలవు. ఎక్కువ ఒత్తిడిగల ప్రాణవాయువు మూర్ఛలను తెచ్చునని 1878 నాటి గ్రంథములో పాల్ బెర్ వ్రాసియున్నాడు. దీర్ఘకాలము పీల్చినచో ఊపిరితిత్తులు వాచునని 1899లో లొరెయిన్ స్మిత్ చూపెను. ఏండ్ల తరబడి పొగత్రాగి శ్వాసకోశములు చెడిన కొందరికి దీనిని మితిమీరి ఇచ్చినచో బొగ్గుపులుసు గాలి నెత్తురులో పేరుకొని మగత కమ్మును. వారి కొరకే మోరాన్ కాంబెల్ 1960లో ఖచ్చితమైన పాళ్లలో వాయువు నిచ్చు తొడుగును కల్పించెను. గుండెపోటు వచ్చిన ప్రతివారికిని ప్రాణవాయువు పెట్టుట నూరేండ్ల ఆచారము. స్వీడన్‌లో 6,629 మందిపై జరిగి 2017లో వెలువడిన పరీక్షలో, నెత్తురులో లోటు లేనివారికి దానివలన ఆయుర్లాభము లేదని తేలెను. ఇక నిప్పు. ప్రాణవాయువు తాను మండదు గాని మండువానిని రెచ్చగొట్టును. 1967 జనవరి 27న అపోలో నౌక నేలపై పరీక్షలో నుండగా శుద్ధ ప్రాణవాయువు నిండిన గదిలో నిప్పురవ్వ లేచి ముగ్గురు వ్యోమగాములు మరణించిరి. చుట్ట వెలిగించినవాని ప్రక్కను, పొయ్యి ప్రక్కను, ఎండలో నిలిపిన కారులోను ఈ డబ్బా ఉండరాదు. కొన్నింటిలో పుదీనా, నారింజ వాసనలు కలుపుచున్నారు. ఈ వాయువునకు సహజముగా వాసన లేదు. ఉత్సాహము కలిగినదన్న భావనలో ఆ పుదీనా పాలెంతయో కొన్నవారే చెప్పవలెను. వాసన నూనె తుంపరలు ఊపిరితిత్తులలోనికి పోవుట మంచిది కాదు.

మన దేశపు చట్టములో వైద్యమునకు వాడు ప్రాణవాయువు ఔషధము. దాని ధరకు ప్రభుత్వపు కట్టుబాటు కలదు. డబ్బాలోనిది చాలవరకు వినోదవస్తువుగా చెలామణి యగుచున్నది; రోగములకు కాదని చిన్న అక్షరములలో దానిమీదనే అచ్చువేయుదురు. 2019లో ఢిల్లీ సాకేత్ ప్రాంతపు ఒక అంగడిలో పదునైదు నిమిషములు పరిమళముతో కూడిన ప్రాణవాయువు పీల్చుటకు 299 రూపాయలు తీసికొనిరి. ప్రీస్ట్లీ చెప్పిన విలాసము అట్లు మన రాజధానికి వచ్చెను.

రెండేండ్లు గడచెను. 2021 ఏప్రిల్, మే నెలలలో దేశమంతట సిలిండర్ల కొరకు జనము రాత్రింబగళ్లు వరుసలలో నిలిచినప్పుడు, దొరకనివారు ఈ డబ్బాలను కూడ కొనిరి. రోగికి నిమిషమునకు 5 లీటర్లు కావలసియుండ, పది లీటర్ల డబ్బా రెండు నిమిషములు. ఆసుపత్రులలోని పెద్ద సిలిండరులో 7,000 లీటర్లుండును; అట్టి దానితో సమానముగా 700 డబ్బాలు కావలెను, ఆ సిలిండరైనను ఒక దినము నిండదు. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారములో ఇనుము కరగించుటకు గాలిని చల్లబరచి ద్రవముగా మార్చి ప్రాణవాయువును వేరుచేయుదురు; అది సున్నకు క్రింద 183 డిగ్రీల వద్ద మరుగును. ఏప్రిల్ 22న ఆ ద్రవమును ఏడు ట్యాంకరులలో నింపి రైలుబండిపై మహారాష్ట్రమునకు పంపిరి. అదియే దేశములో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్. మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో, రావలసిన ట్యాంకరు ఆలస్యమై గొట్టములలో ఒత్తిడి తగ్గిపోయెను. 11 మంది రోగులు మరణించినట్లు అధికారులు ప్రకటించిరి. వాయువు సరిగా అందనిది కొలది నిమిషములే.